విజిల్ ఊదొద్దన్నాం

మా క్వారీలో సమ్మె మొదలైన వారానికే కంట్రాక్టరు మనుషులు తుపాకులు భుజాన వేసుకుని గుడిసెల మధ్య తిరగడం మొదలుపెట్టారు. ఇన్‌స్పెక్టరు వాళ్ళతో కలిసి టీ తాగడం నా కళ్ళతో చూశాను. ఆయనకవి గొడుగుల్లా కనిపించాయి కాబోలు. ఆ గూండాలు మా మీద కాల్పులకు దిగితే, మా కుర్రాళ్ళు ముగ్గురు అవే తుపాకులు లాక్కుని కొండెక్కారు. అప్పుడు మాత్రం కొంపలంటుకున్నట్టు పోలీసు జీపులు దిగాయి.

ఇన్‌స్పెక్టరు మా మీటింగుకే వచ్చాడు.

"తుపాకులు కింద పెట్టి వచ్చేయమనండి. కేసు ఉండదు, దెబ్బ ఉండదు. పూచీ నాది."

"మరి కంట్రాక్టరు మనుషుల తుపాకుల సంగతేంటి సార్?" లారీ డ్రైవరు అడిగాడు.

"ముందు మీవాళ్ళని రానివ్వవయ్యా."

సగం మంది నమ్మొద్దన్నారు. అరుపులు, కేకలు. అప్పుడు కంకర మోసే అక్క లేచింది. ముగ్గురిలో చిన్నవాడు ఆమె కొడుకు.

"మీ వాదనలు తర్వాత. నాకు నా కొడుకు బతికుంటే చాలు. నేనే వెళ్ళి తీసుకొస్తా."

ఇక అందరం సరేనన్నాం.

మా దగ్గర ఒక అలవాటుంది. రాయి పేల్చే ముందు విజిల్ మోగితే ఎక్కడివాళ్ళం అక్కడ ఆగి, చేతిలో ఏముంటే అది తలపైకి ఎత్తాలి. ఎవరెక్కడున్నారో మందు అంటించేవాడికి కనబడాలి కదా. ఆలోచించక్కర్లేదు, చెయ్యి దానంతటదే లేస్తుంది. మేస్త్రీ ఇదంతా ఇన్‌స్పెక్టరుకి విడమరచి చెప్పాడు.

"అందుకని విజిల్ మాత్రం ఊదకండి సార్."

"ఆ మాత్రం తెలీదనుకున్నావా?" ఆయన నవ్వాడు.

పొద్దున్నే అక్క ముందు, ముగ్గురూ వెనక కొండ దిగారు. తుపాకులు కింద పెట్టడానికి వంగుతున్నారు. విజిల్ మోగింది. ఊదింది ఆయనే. ముగ్గురి చేతులూ తుపాకులతో సహా పైకి లేచాయి.

పోలీసులు కాల్చేశారు. ఇద్దరు గాయాలతో పడ్డారు. చిన్నవాడు చనిపోయాడు.

"మా మీదికి తుపాకీ ఎత్తితే మేమేం చేస్తాం?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. నమ్మించి గొంతు కోశారు తమ్ముళ్ళూ. ఇంతకన్నా మెత్తని మాట నా దగ్గర లేదు.

అక్క కొడుకు మీద పడి ఏడ్చింది. చాలాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

"నీ మాట మీద నా చేతులారా తెచ్చి ఇచ్చాను. ఇప్పుడు చెప్పు, ఆ కంట్రాక్టరు మనుషుల తుపాకులు ఎప్పుడు తీసుకుంటావు?"

"తప్పుకో అమ్మా. శవాన్ని తీసుకెళ్ళాలి."

"అవి తీసుకున్నాకే."

అక్క జీపు ముందు కూర్చుంది. పక్కన మేస్త్రీ, ఆ పక్కన నేను. నమ్మొద్దన్నవాళ్ళూ కూర్చున్నారు, నమ్ముదామన్నవాళ్ళూ కూర్చున్నారు. డ్రైవరు లారీని దారికడ్డంగా ఆపి తాళం జేబులో వేసుకున్నాడు.

లాఠీలు విరిగాయి, తలలు పగిలాయి. అక్కని ఈడ్చుకెళ్ళి జీపులో పడేశారు. లోపలి నుంచి ఆమె గొంతు వినబడింది.

"ఎవరూ లేవకండి. వాణ్ణి మళ్ళీ వీళ్ళ చేతికి ఇవ్వకండి."

మేం లేవలేదు.