పేరు తీసేసిన గొంతు

కాలేజీలో కమ్యూనికేషన్ పాఠాలు చెప్పే మేడం దగ్గర పరిశోధన చేసే పిల్లల్లో ఒకమ్మాయికి తోటివాళ్లు ‘గుసగుస’ అని పేరు పెట్టారు. పక్కన కూర్చున్నవాళ్లకి కూడా ఆ పిల్ల మాట సరిగా వినపడదు. ఆసుపత్రుల్లో చావు కబురు ఇంటివాళ్లకు ఎలా చెబుతారన్నది ఆమె ఎంచుకున్న విషయం. ఆ వ్యాసం చదవాల్సిన సదస్సు మర్నాడే. కాలేజీ నుంచి ఎంపికైంది అదొక్కటే.

మధ్యాహ్నం సెమినార్ గదిలో మేడం సాధన చేయించింది.

“కాస్త గట్టిగా చెప్పవే తల్లీ! చీమలకి పాఠం చెబుతున్నావా?”

అందరూ నవ్వారు. గుసగుస తల దించుకుని పరిశోధన కోసం చేసిన రికార్డింగ్ ఒకటి ఫోన్‌లో పెట్టింది. ఒక పెద్దావిడ గొంతు గదంతా నిండింది.

“కౌంటర్ దగ్గరే, అందరి ముందూ, మీ ఆయన పోయాడని చెప్పేశారమ్మా. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు గానీ, నేను ఏడవలేదు. హమ్మయ్య అనుకున్నాను.”

అక్కడితో ఆగింది. నవ్విన వాళ్లంతా బిగుసుకుపోయారు. మేడం తృప్తిగా తలూపింది. వెనక బెంచీలోంచి రెండో సంవత్సరం పిల్ల లేచి నిలబడింది.

“అది మా పెద్దమ్మ గొంతు,” అని, విసురుగా బయటికి వెళ్లిపోయింది.

పేరు, ఊరు, ఆసుపత్రి అన్నీ రికార్డింగ్‌లోంచి మేడమే తీసేయించింది. పేరు రాదన్న మాట మీదే ఆ పెద్దావిడ ఒప్పుకుంది. గొంతు మనిషిని పట్టిస్తుందన్న సంగతి, రికార్డు చేసిన గొంతుల మీదే ఇన్నేళ్లు పనిచేసిన తనకి తట్టలేదు.

సాయంత్రం మేడం, గుసగుస ఆవిడ ఇంటికి వెళ్లారు. తలుపు తీసింది ఆ రెండో సంవత్సరం పిల్లే.

“ఇంకేం కావాలి మేడం? ఇంకో ముక్క మిగిలిపోయిందా?”

“లోపలికి రానీవే,” అంది పెద్దావిడ కుట్టుమిషన్ ముందు నుంచి. “దీనికి వాళ్ల పెదనాన్నంటే ప్రాణమండీ. వచ్చిన దగ్గర్నుంచీ నా మొహం చూడట్లేదు.”

“తప్పు నాదమ్మా. మీ ముందే చెరిపేస్తాం,” అంది మేడం.

గుసగుస మొహం పాలిపోయింది. ఆ గొంతు పోతే వ్యాసంలో మిగిలేవి పట్టికలే.

“ముందు మొత్తం వినిపించమ్మా. మా పిల్ల కూడా వినాలి,” అంది పెద్దావిడ.

గుసగుస అసలు రికార్డింగ్ పెట్టింది. ‘హమ్మయ్య అనుకున్నాను’ దగ్గర గొంతు ఆగలేదు. “ఇక ఆయనకి నొప్పి లేదు కదా అని. ఆ రాత్రంతా నిద్రపోయాననుకున్నారు అందరూ. ఆయన చొక్కా నోట్లో కుక్కుకుని ఏడ్చానమ్మా.”

ఆ పిల్ల గోడకి ఆనుకుని నేల మీద కూలబడింది.

“ఈ ముక్క కాలేజీలో పెట్టలేదా?” అంది పెద్దావిడ.

“లేదండీ. అక్కడ ఆపితే వినేవాళ్లు ఉలిక్కిపడతారని నేనే కోయించాను,” అంది మేడం.

పెద్దావిడ మేడం వైపు తిరిగింది. “మరి నా మాట సగమే వినిపించారా? తీసేయండి. అంతా తీసేయండి.”

మేడం తలూపింది. గుసగుస వేలు తెర మీద ఒక్క క్షణం ఆగి, రికార్డింగ్ చెరిపేసింది. పెద్దావిడ మిషన్ దగ్గర నుంచి లేచి వెళ్లి ఆ పిల్ల పక్కనే కూర్చుంది.

మేడం, గుసగుస వీధిలోకి వచ్చారు.

“రేపు ఏం చెప్పను మేడం?”

“ఆ గొంతు ఎందుకు లేదో చెప్పు. ఎలా కోశామో చెప్పు.”

“కోయించింది మీరని కూడానా?”

“ముందు అదే చెప్పు.”