బిరడాలకు సీలు

ఆవిడ తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. కాటా అడుగున అయస్కాంతం, పళ్ళెం కింద మైనపు ముద్ద, లీటరని చెప్పి తొమ్మిది వందల మిల్లీలీటర్లే పట్టే డబ్బా, ఇలాంటివి పద్దెనిమిదేళ్ళుగా పట్టుకుంటూ పట్టుకుంటూ, ఎదుటి మనిషి ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకంగా తయారైంది. ఆఫీసులో అది మంచిదే. సాయంత్రం ఐదున్నరకు ఆ బుద్ధిని అక్కడే వదిలేసి రావడం మాత్రం ఆవిడకు చేతకాలేదు. అందుకే వీధిలో వాళ్ళతో పాటు కట్టుకున్న మొగుడు కూడా ఆవిణ్ణి ఇన్‌స్పెక్టరమ్మ అనే అంటాడు.

ఇన్‌స్పెక్టరమ్మకు ప్రాణం బేస్ గిటారు. నలుగురి జట్టు వాళ్ళది. పాడేది ఆడపడుచు, ఇన్‌స్పెక్టరమ్మకు వదిన. ఆమె తమ్ముడు, అంటే ఇన్‌స్పెక్టరమ్మ మొగుడు, గిటారు. వీధి పోస్ట్‌మన్ చెక్కపెట్టె మీద కూర్చుని దాన్నే డోలులా వాయిస్తాడు. అడుగున గుమ్‌మని వినపడే బరువైన స్వరం ఇన్‌స్పెక్టరమ్మది. వినేవాళ్ళు దాన్ని పట్టించుకోరు. అది ఆగిపోయినప్పుడు మాత్రం పాట కింద నేల పోయినట్టు ఉంటుంది.

ఐదు నెలల క్రితం లారీలు తూచే వేబ్రిడ్జి మెట్ల మీంచి జారిపడి ఎడమ భుజం దెబ్బతింది. ఇక జన్మలో భుజాన కేజీన్నర దాటి మొయ్యకూడదని ఫిజియోథెరపిస్టు తేల్చి చెప్పింది. బేస్ గిటారు నాలుగున్నర కేజీలు. ఆవిడ మంచం పట్టిన ఆ నాలుగు నెలలూ ఆవిడ స్థానంలో వదిన కూతురు వాయించింది. కాలేజీ పిల్ల, చురుకైన వేళ్ళు. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. గుచ్చుకున్న ముల్లు అదే. వచ్చే శనివారం లైబ్రరీ పార్కులో కార్యక్రమం. అక్కడ తను కూర్చోకపోతే ఆ కుర్చీ ఇక పిల్లదైపోతుందని ఇన్‌స్పెక్టరమ్మ గట్టిగా నమ్మింది.

బేస్ యుకలేలే అని ఒకటుందని, చూడ్డానికి పిల్లల ఆటబొమ్మ గిటారులా ఉన్నా స్పీకరుకు తగిలిస్తే బేస్ గిటారంత లోతుగా పలుకుతుందని చెప్పింది వదినే. ఆ మాటా ఆవిడకు అనుమానమే. ఆటబొమ్మ చేతికిచ్చి నలుగురిలో నవ్వులపాలు చెయ్యాలనా?

అనుమానంతోనే వెళ్ళింది దుకాణానికి. సంచిలో టేపు, జేబులో చిన్న స్ప్రింగు కాటా. దుకాణదారు మూడు వాయిద్యాలు బల్ల మీద పెట్టాడు. ఆవిడ ఒక్కోదాన్నీ కొక్కేనికి తగిలించి తూచింది.

"కేజీ నూట యాభై అని రాశారు. కేజీ రెండు వందలుంది."

"ఎక్కువుంటే మీకే లాభం కదమ్మా" అన్నాడతను.

ఆవిడ నవ్వలేదు. మొదటిదానికి మెడ మీద ఫ్రెట్లు, అంటే స్వరస్థానాలు చూపే మెట్లు, లేవు. వేలు ఒక్క వెంట్రుక పక్కకు జరిగినా స్వరం తప్పుతుంది. రెండోదానికి లోహపు చుట్ట ఉన్న తీగలు. వేలు జరిపినప్పుడల్లా గీరుతున్నాయి. అతను ఆ రెండింటినీ తెగ పొగిడాడు. మూడోదాని గురించి నోరు విప్పలేదు. నల్లటి లావుపాటి రబ్బరు తీగలు, ముదురు చెక్క, మెరుగు లేని ముఖం. అన్నింటికన్నా లావు తీగను బొటనవేలితో తోసింది. స్పీకరులోంచి వచ్చిన మోతకు బల్ల మీది పెన్ను దొర్లింది. భుజం మీద బరువు ఉన్నట్టే లేదు. ఐదు నెలల తర్వాత మొదటిసారి ఆవిడ ముఖం విచ్చుకుంది. పైగా అమ్మేవాడు పొగడని వస్తువులో మోసం ఉండదన్నది ఆవిడ లెక్క.

"ఇదే ఇవ్వండి."

"మంచిదేనమ్మా. కానీ ఈ రబ్బరు తీగలు కొత్తలో సాగుతూనే ఉంటాయి. రెండు వారాల పాటు రోజుకు నాలుగుసార్లు బిగించుకుంటూ ఉండాలి."

"రెండు వారాలా? స్టీలు తీగలు ఒక్క రోజులో కుదురుకుంటాయి. సాగిపోయే సరుకు అమ్మి పైగా నన్ను బిగించుకోమంటారా?"

అతను చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

ఆదివారం సాయంత్రానికి శ్రుతి దిగిపోయింది. బిగించింది. సోమవారం ఆఫీసు నుంచి వచ్చి చూస్తే మళ్ళీ దిగింది. రిహార్సలుకు వచ్చిన వదిన ముందే ఆవిడ అగ్గి మీద గుగ్గిలమైంది.

"వదినా, చెబుతున్నా వినండి. ఇంకొక్కసారి దీని శ్రుతి దిగిందా, తీసుకెళ్ళి వాడి మొహాన కొట్టొస్తాను. జట్టుకూ నమస్కారం పెట్టేస్తాను. మీ అమ్మాయినే పెట్టుకోండి."

"కొత్త తీగలు కదా మరదలా, కాస్త ఓపిక పట్టు" అంది వదిన.

"ఓపిక పట్టమనేవాళ్ళనే నేను ముందు తనిఖీ చేస్తాను."

విచిత్రం, మంగళవారం సాయంత్రం శ్రుతి ఇసుమంతైనా దిగలేదు. తన బెదిరింపు తీగలకు కూడా వినపడినట్టుందని ఇన్‌స్పెక్టరమ్మ పొంగిపోయింది. పడుకునే ముందు అలవాటు కొద్దీ, కాటా మరలకు పెట్టినట్టే, నాలుగు బిరడాలకూ పెన్సిలుతో గుర్తు పెట్టింది. తీగలు బిగించే ఆ మరలు ఎవరైనా తిప్పితే గీత గీతకు కలవదు.

బుధవారం సాయంత్రం శ్రుతి సరిగ్గా ఉంది. గీతలు మాత్రం కలవలేదు. నాలుగు బిరడాలూ పావు చుట్టు తిరిగున్నాయి.

"ఏమండీ, దీన్ని మీరు ముట్టుకున్నారా?"

మొగుడు డిపోలో టైమ్ కీపరు. నోట్లో నాలుక లేని మనిషి. "నేనిప్పుడే కదా వచ్చాను" అన్నాడు చొక్కా విప్పుతూ.

ఇక మిగిలింది ఒక్కరే. పై అంతస్తులో ఉండే వదిన దగ్గర ఈ ఇంటి మారుతాళం ఉంటుంది. బడి ఆఫీసులో పని, మూడుకల్లా ఇల్లు చేరుతుంది. ఆవిడకు యుకలేలేతో ఏం పని? ఆవిడ కూతురికుంది. ఇన్‌స్పెక్టరమ్మ బుర్రలో కేసు చకచకా తయారైపోయింది. మధ్యాహ్నం పూట కూతుర్ని తీసుకొచ్చి, తన వాయిద్యం మీదే సాధన చేయిస్తోంది. పిల్ల తన చేతికి తగ్గట్టు శ్రుతి మార్చుకుని, వెళ్ళేముందు మళ్ళీ సరిచేసి పోతోంది. శనివారం ఏదో వంక పెట్టి పిల్లను కూర్చోబెడతారు. వాయిద్యం మాత్రం ఇన్‌స్పెక్టరమ్మది, కుర్చీ ఇంకొకరిది. తలుచుకుంటే ఒళ్ళు మండిపోయింది.

గురువారం రిహార్సలులో ఆవిడ కళ్ళలో వత్తులు వేసుకుని వదిననే చూసింది. కిటికీ పక్కన కుర్చీ జరిపి ఉంది, ఉదయం అలా లేదు. దానికి తోడు వదిన పోతూ పోతూ, "దాన్ని పెట్టెలో పెట్టి తాళం వెయ్యకు మరదలా, కొత్త తీగలకు గాలి తగలాలి" అంది. రబ్బరుకు గాలేమిటి? అబద్ధం చెప్పేవాళ్ళు కాస్త నమ్మేటట్టు చెప్పరేమని ఇన్‌స్పెక్టరమ్మకు చిరాకు కూడా వేసింది.

శుక్రవారం పొద్దున ఆవిడ తనకు వచ్చిన విద్యే ప్రయోగించింది. శ్రుతి చేసి, సన్నటి వైరును నాలుగు బిరడాల చుట్టూ అల్లి, కొసలు కలిపి ముడేసి, ముడి మీద లక్క కరిగించి పోసింది. లక్క మీద తన కోటు గుండీ అదిమి అచ్చు వేసింది. ఆఫీసు సీలు ఇంటికి తేవడం తప్పని తెలుసు కాబట్టి గుండీతో సరిపెట్టుకుంది. ఇక బిరడా తిప్పాలంటే సీలు పగలాలి. సీలు పగిలిందంటే దొంగ దొరికినట్టే.

ఆ సాయంత్రం రిహార్సలు లేదు, పాడే మనిషి గొంతుకు విశ్రాంతి. ఇన్‌స్పెక్టరమ్మ ఇంటికొచ్చేసరికి సీలు చెక్కు చెదరలేదు. తృప్తిగా చెత్తబుట్ట బయట పెట్టడానికి మెట్ల దగ్గరకు వెళితే వదిన ఎదురైంది.

"బిరడాలకు ఆ వైరేమిటి మరదలా?"

ఇన్‌స్పెక్టరమ్మ బుట్ట కింద పెట్టింది. "తాళం వేసిన ఇంట్లో ఉన్నదాన్ని మీరెలా చూశారు?"

వదిన తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. ఆపైన నెమ్మదిగా, "రేపు వాయించే ముందు ఒక్కసారి శ్రుతి చూసుకో. అంతే" అంది.

"బెదిరిస్తున్నారా? మీ అమ్మాయికి ఆ కుర్చీ కావాలంటే నా మొహం మీదే అడగమనండి. ఆడపిల్లకు దొంగచాటుగా ఒకరింట్లో దూరడం నేర్పకండి."

వదిన ముఖం పాలిపోయింది. ఒకసారి పైమెట్టు వైపు చూసి, గబగబా పైకెళ్ళిపోయింది. గెలిచానని ఇన్‌స్పెక్టరమ్మ కడుపునిండా తిని నిద్రపోయింది.

శనివారం పార్కులో కుర్చీలు నిండాయి. పిల్ల కూడా వచ్చింది, స్పీకర్ల వైర్లు కలుపుతోంది. ఇన్‌స్పెక్టరమ్మ ఆమె వంక చూడలేదు. నలుగురూ చూసేలా సీలు చూపించి, గోటితో గిల్లి లక్క పగలగొట్టి వైరు లాగేసింది.

"ఒకసారి శ్రుతి చూసుకోరాదూ" అన్నాడు మొగుడు.

"సీలున్న కాటాను మళ్ళీ తూచి చూడక్కర్లేదండీ."

పోస్ట్‌మన్ పెట్టె తట్టి లెక్క ఇచ్చాడు. వదిన పాట ఎత్తుకుంది. ఇన్‌స్పెక్టరమ్మ మొదటి స్వరం తోసింది. తడిబట్ట నేలకేసి కొట్టినట్టు పడింది. రెండో తీగ ఇంకో దారి, మూడోది మరో దారి. ముందు వరుసలో ఒకాయన చెవి గోక్కున్నాడు. ఆవిడ చెయ్యి ఆగిపోయింది. బిరడాలను ఎవరూ తిప్పలేదు, ఆవిడే సాక్షి. అయినా నాలుగు తీగలూ దిగిపోయాయి. సీలు వేసింది బిరడాలకే, సాగేవి తీగలు. దుకాణదారు చెప్పింది అక్షరాలా నిజం.

అలాంటప్పుడు మంగళ, బుధ, గురువారాలు శ్రుతి ఎలా నిలిచింది?

వదిన పాట ఆపి, "ముందు మా తమ్ముడు ఒక చిన్న ముక్క వాయిస్తాడు" అని జనానికి చెప్పి మైకు పక్కకు తిప్పింది. మొగుడు గిటారు అందుకున్నాడు. వదిన వచ్చి చెయ్యి చాపింది. ఇన్‌స్పెక్టరమ్మ యుకలేలే ఇచ్చింది. వదిన లావు తీగతో మొదలుపెట్టింది. చెవి ఆనించి, బిరడా తిప్పి, తీగను వేలితో పైకి లాగి వదిలి, మళ్ళీ తిప్పింది. తడుముకోలేదు. రోజూ చేసే పనిలా చేసింది.

"రోజూ మీరేనా?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"మూడింటికి ఒకసారి, నువ్వొచ్చే ముందు ఒకసారి. ఎంత లాగితే అంత తొందరగా కుదురుకుంటాయట, దుకాణానికి ఫోను చేసి కనుక్కున్నా."

"నాకు చెప్పొచ్చుగా."

"శ్రుతి దిగితే మానేస్తానంటివి. ఇంకేం చెప్పను?" వదిన మూడో తీగకు వచ్చింది. "మా అమ్మాయి బాగా వాయిస్తుంది, కాదనను. కానీ నేను ఊపిరి తీసుకునేలోపు ముందుకెళ్ళిపోతుంది. నువ్వు నాకోసం ఆగుతావు. నాకు నువ్వే కావాలి."

ఇన్‌స్పెక్టరమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. సిగ్గు అంతకంటే ఎక్కువైంది. "నిన్న మెట్ల మీద..." అంది.

"నన్నన్నది నేను మర్చిపోతాలే." వదిన యుకలేలే తిరిగి ఆవిడ ఒళ్ళో పెట్టింది. "పైమెట్టు మీద మా అమ్మాయి నిలబడి ఉంది. అది విన్నది."

ఏడు పాటలు వాయించారు. పాటకూ పాటకూ మధ్య ఇన్‌స్పెక్టరమ్మ నలుగురి ముందూ తలొంచుకుని బిరడాలు బిగించుకుంది. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆవిడ చెవికెక్కలేదు.

అయిపోగానే నేరుగా పిల్ల దగ్గరకు వెళ్ళింది. పిల్ల వైరు చుడుతోంది.

"నిన్ను అనుమానించాను. తప్పు నాది."

"పర్లేదత్తా" అంది పిల్ల తలెత్తకుండా. "ఇవాళ్టిదాకా నేను దాన్ని చూడను కూడా చూడలేదు. ఒక్కసారి వాయించి చూస్తానని అమ్మను అడిగాను. అత్తది, అత్తను అడక్కుండా ముట్టుకోకూడదంది. శనివారం అయ్యాక మిమ్మల్నే అడుగుదామనుకున్నా."

ఇన్‌స్పెక్టరమ్మ భుజం మీంచి యుకలేలే తీసి రెండు చేతులతో ముందుకు చాపింది. "ఇదిగో. ఇప్పుడే వాయించు. నీ ఇష్టమొచ్చినంత సేపు."

పిల్ల వైరు చుట్టడం ఆపింది. యుకలేలే నల్లటి తీగల వంక ఆశగా చూసింది. అంతలోనే చేతులు వెనక్కి పెట్టుకుంది.

"వద్దులే అత్తా" అంది. "ఇంటికెళ్ళాక మళ్ళీ ఏదైనా అటూ ఇటూ అయితే, నేనే చేశాననుకుంటారు."