డెలాలి వేసిన ముడి

డెలాలి తాడు లాగింది, మళ్లీ లాగింది, భుజం పట్టేసేదాకా లాగింది. ఇంజను ఒకసారి గుర్రుమని ఊరుకుంది.

షెడ్డు నిండా ఆడవాళ్లు, వాళ్ల ముందు గంపల్లో చెక్కు తీసిన కర్రపెండలం. చెక్కు తీసిన దుంపను ఈ పూటే తురమాలి, లేకపోతే నల్లబడి పాడవుతుంది. ఏటి అవతల ఇంకో తురుము యంత్రం ఉంది. ఒకసారి అటు వెళ్లిన గంప మళ్లీ ఇటు రాదని డెలాలికి తెలుసు. భర్త పోయాక ఆమెకు కూడు పెడుతున్నది ఈ యంత్రమే.

"తురుముతావా, మా దుంపలకి కాపలా కాస్తావా?" అని దెప్పింది అజోవా అత్త. ఊరందరికీ ఆమె అత్తే, ఊరందరి మీదా ఆమెకు నోరే.

చివరికి మరిది సెలోమ్‌ని పిలవక తప్పలేదు. అతను మోటారుసైకిల్ మీద జనాన్ని సంతకు చేరవేస్తాడు, ఇంజన్ల సంగతి కాస్తో కూస్తో తెలిసినవాడు. కానీ అతని మొహం చూడటం డెలాలికి ఇష్టం లేదు. కొన్నాళ్లుగా ట్యాంకులో పెట్రోలు రాత్రికి రాత్రి తగ్గిపోతోంది. ఆమె అనుమానం అతని మీదే. అందుకే నిన్న ట్యాంకు మూతకు ప్లాస్టిక్ సంచి చుట్టి, ట్యూబు రబ్బరుతో బిగించి, తనకొక్కదానికే వచ్చే ముడి వేసింది. ఎవరు విప్పినా ఇట్టే తెలిసిపోతుంది. అడిగినవాళ్లకు మాత్రం దుమ్ము పడకుండా అని చెప్పింది.

సెలోమ్ ప్లగ్గు ఊడదీసి, గరుకు కాగితంతో రుద్ది, ఇంజనుకు ఆనించి డెలాలితో తాడు లాగించాడు. నిప్పురవ్వ టక్కున ఎగిరింది.

"ఇది బానే ఉంది. పెట్రోలుందా వదినా?"

"నిన్ననే నిండా పోశా," అంది డెలాలి, నిండా అన్న మాట నొక్కి.

అతను సంచి విప్పి, మూత తీసి లోపలికి చూశాడు. పెట్రోలుంది. మూత పెట్టి లాగాడు. ఒక్క లాగుకే ఇంజను అందుకుంది. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. డెలాలి గబగబా వెళ్లి మళ్లీ సంచి చుట్టి ముడి వేసింది.

మొదటి గంప సగమైనా కాకముందే ఇంజను దగ్గి ఆగిపోయింది.

డెలాలి లాగింది. కదల్లేదు. సెలోమ్ మూత విప్పి చూసి, పెట్టి, లాగాడు. లేచింది. డెలాలి ముడి వేసింది. కాసేపటికి మళ్లీ చచ్చింది.

"నీ మీద అలిగిందే!" అని అజోవా అత్త పగలబడి నవ్వింది. "మరిది చెయ్యి పడితే గానీ లేవదట!"

డెలాలికి ఒళ్లు మండింది. వీడు ఏం చేస్తున్నాడు? చేతిలో ఏమైనా పెట్టుకొచ్చాడా?

"ఈసారి మూత ముట్టుకోకుండా లాగు, చూద్దాం."

లాగాడు. లేవలేదు. అతనూ తెల్లమొహం వేశాడు.

"నాకేం తెలుసు వదినా? కడుపులోకి తొంగిచూస్తే గానీ పని చెయ్యనంటోంది!"

గుమ్మం దగ్గర ఒకావిడ గంప నెత్తికెత్తుకుంది. ఆమె వెనక ఇంకొకావిడ. 

సెలోమ్ మళ్లీ సంచి విప్పి మూత తిప్పాడు. లోపలికి గాలి 'స్స్' మంటూ పోయింది. అతని చెయ్యి ఆగింది. మూత ఎత్తి వెలుగులో చూశాడు. నడిమధ్య సూదిమొన అంత బెజ్జం.

"దీనికి ఊపిరాడట్లేదు! ఈ బెజ్జంలోంచి గాలి దూరితేనే పెట్రోలు కిందికి దిగేది. నువ్వేమో సంచి పెట్టి గొంతు నొక్కేశావు. దుమ్ముకి ఇంత ముడా వదినా?"

డెలాలి సిగ్గుతో కుంచించుకుపోయింది. ఇంక అబద్ధమాడే ఓపిక లేకపోయింది.

"దుమ్ముకి కాదు, నీకోసం వేశా. పెట్రోలు నువ్వే తీస్తున్నావనుకున్నా. తప్పు నాదే, మనసులో పెట్టుకోకు," అంది అందరికీ వినబడేలా.

 సెలోమ్ తల వంచుకుని, సంచి చుట్టకుండానే మూత పెట్టి తాడు లాగాడు. ఇంజను లేచింది, లేచి ఆగకుండా తిరిగింది. గుమ్మం దాకా వెళ్లిన గంపలు వెనక్కి వచ్చాయి. తెల్లటి తురుము తొట్టిలోకి కురుస్తోంది.

సెలోమ్ ఆమె పక్కకు వచ్చి, ఆ మోతలో ఇంకెవరికీ వినబడకుండా చెవి దగ్గర అన్నాడు.

"తీసింది నేనే వదినా. కొంచెం కొంచెమే."

డెలాలి గిర్రున తిరిగింది. నోటిదాకా వచ్చిన తిట్టు ఆ హోరులో ఆమెకే వినబడలేదు. వాడికి వినబడేలా తిట్టాలంటే ముందు ఇంజను ఆపాలి.