నవ్వులు దిద్దే కుంచె

సన్న కుంచెను పళ్ల మధ్య బిగించి, ఆమె ఆ ఫొటోను కిటికీ వెలుగులోకి జరుపుకుంది. పోయినావిడ ముఖం మీది మచ్చలు తీసేసింది, చెదిరిన జుట్టు సర్దింది. పెదవుల దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. అక్కడ నవ్వు పెట్టాలి. కంప్యూటర్లు రాని రోజులవి. ఆ స్టూడియో గోడల మీది నవ్వుల్లో సగం, అందరూ టచింగ్ అక్క అని పిలిచే ఈమె చేతి మీదుగా వచ్చినవే. కింద మూలన సంతకం మాత్రం ఓనరుది. ఆయన చేస్తే కళ, ఈమె చేస్తే ఆడవాళ్ల ఓపిక.

పోయినావిడ భర్త ఎదురుగా కూర్చున్నాడు. "మా ఆవిడ ఎప్పుడూ నవ్వుతూనే ఉండేదండీ. ఇల్లు, పిల్లలు, దేనికి లోటు?"

అతను తెచ్చిన మిగతా ఫొటోలన్నీ ఆమె తిరగేసింది. పెళ్లినాటిది, పిల్లలతో దిగినది, కొత్తింటి గుమ్మంలోది. "మరి ఒక్కదాంట్లోనూ నవ్వలేదేంటండీ?"

"కెమెరా అంటే బెరుకు."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లుగా ఎంతమంది మూతులకు తాను అబద్ధం పూసిందో. పైగా లోకం జాలి అంతా తన మీదే. పెళ్లి చేసుకోలేదు కాబట్టి అక్కకు సుఖం లేదని తమ్ముడి ఇంట్లో ఎప్పుడో తేల్చేశారు. కూనిరాగం తీస్తూ పనికి బయల్దేరితే, పాపం బాధ దిగమింగుకుంటోంది అంటుంది మరదలు. ఫొటోలో మసకబారిన కంట్లో వెలుగు చుక్క సరిగ్గా కుదిరిన రోజు తనకు ఆకలి కూడా గుర్తుండదు. ఆ మాట చెబితే ఎవరు నమ్ముతారు?

"నవ్వు పెట్టనండి," అంది.

"నీకెందుకక్కా? అడిగింది చెయ్యి," అన్నాడు ఓనరు. ఆ భర్తవైపు తిరిగి, "సాయంత్రం రండి సార్, అయిపోతుంది," అని పంపించేశాడు.

ఆమె కుంచె తడిపి, ఫొటోలో ఆవిడ కనుబొమల మధ్య చెరిగిపోతున్న ముడతను మళ్లీ తేల్చింది. పెదవుల జోలికి పోలేదు. దాన్ని ఆరబెట్టి, డబ్బాలో తెచ్చుకున్న అన్నం తిని, రోజూలాగే బల్ల మీద తల వాల్చింది. ఓనరు టీకి పిలిస్తే పలకలేదు. భుజం తట్టి చూస్తే, ఒళ్లు అప్పటికే చల్లబడింది.

కొన్నాళ్లకు తమ్ముడొచ్చాడు. గోడకు పెట్టుకోవడానికి అక్క ఫొటో కావాలి. ఉన్నది ఒక్కటే, లైటు సరిచూసుకోవడానికి ఓనరు ఎప్పుడో తీసింది. పళ్ల మధ్య కుంచెతోనే, కళ్లు మూసుకుపోయేలా నవ్వుతోంది అందులో.

తమ్ముడు ఇబ్బందిపడ్డాడు. "ఇలా బాగోదండీ. ఒంటరి మనిషి, ఏం సుఖపడిందని? కాస్త ఆ నవ్వు తీయించండి."

నవ్వనిదానికి నవ్వు పెట్టమంటారు, నవ్వినదాని నవ్వు తీయమంటారు. వీళ్లను ఏమనాలి?

"తీసే మనిషే పోయిందండీ," అన్నాడు ఓనరు.

ఉన్నది ఉన్నట్టుగానే కాగితంలో చుట్టించుకుని వెళ్లాడు తమ్ముడు. నవ్వు లేదని భర్త తీసుకోకుండా వదిలేసి వెళ్లిన ఆ పోయినావిడ ఫొటో, ముడిపడిన నొసటితో, ఇంకా గోడకు ఆనించే ఉంది. దాని ముందు బల్ల మీద ఒక సన్న కుంచె, కర్ర మీద పళ్ల గాట్లతో.