ఇరవై బైట్ల పుల్కాలు

నేను ఒక పుల్కా గొడవలో పుట్టాను.

ఏలూరు పవరుపేటలో ఒక సోమవారం రాత్రి, అందరూ భోంచేసి చేతులు కడుక్కున్నాక, మృదుల తన కంచం ముందు కూర్చుని హాట్‌బాక్సు మూత తీసింది. రెండు పుల్కాలు ఉండాల్సిన చోట ఒకటే ఉంది.

"పద్నాలుగు కాల్చాను. ఒకటి ఏమైంది?" అంది.

ఆమె మామగారు పానకాలరావు విద్యుత్ శాఖలో ముప్పై ఏళ్లు ఇంటింటికీ తిరిగి మీటర్లు చూసిన మనిషి. "నా రీడింగు తప్పదమ్మా. నాలుగే," అన్నారు. అత్తగారు సుభద్రమ్మ, "నేను మూడు. అందులో ఒకటి మాడింది. దాన్ని కూడా లెక్కేస్తానంటే వేసుకో," అంది. భర్త ఫణి ఫ్యాను వైపు చూశాడు. పదేళ్ల ధాత్రి మాత్రం, "నాన్న రెండు పుల్కాలు కలిపి మడతపెట్టి ఒకటి అని చెప్పారు, నేను చూశా," అని తేల్చేసింది.

"నువ్వు తినేటప్పుడు నీ కంచంలోకి చూసుకోవే!" అన్నాడు ఫణి.

మనుషులు తిన్నదాన్ని మరిచిపోయినంత వేగంగా మరేదీ మరిచిపోరు. ఆ సంగతి మృదులకి బాగా తెలుసు. పైగా ఆ మధ్యాహ్నమే ఆమెకి ఒక ఫోను వచ్చింది. ఊళ్లోని ఒక మహిళా డిగ్రీ కళాశాలలో కంప్యూటరు పాఠాలు చెప్పే ఉద్యోగం ఖాళీగా ఉంది, శనివారం వచ్చి డెమో క్లాసు చెప్పమన్నారు. పాఠం కూడా వాళ్లే ఇచ్చారు: బైనరీ ఫైల్లో ఉన్న పూర్ణాంకాన్ని సి భాషలో ప్రోగ్రాము రాసి మార్చడం. మృదుల ఎమ్మెస్సీ చదివింది కానీ ధాత్రి కడుపున పడ్డాక సి లో ఒక్క వాక్యం రాయలేదు.

"పదకొండేళ్లయింది. నీకు అసలు గుర్తుందా?" అన్నాడు ఫణి.

"నేను వెళ్లొద్దనను. కానీ అంతమంది ముందు నోరు పెగలక తిరిగొచ్చావనుకో, ఆ ముఖం నేను చూడలేను," అంది సుభద్రమ్మ.

మృదుల ఉన్న ఒక్క పుల్కా తినేసి లేచింది. "ఈ వారం పుల్కాలు నేను రాసే ప్రోగ్రాము చెప్పినన్నే కాలుస్తాను. అది శుక్రవారానికి కూడా తప్పుతూనే ఉంటే శనివారం నేను కాలేజీకి వెళ్లను. సరేనా?"

భోజనాల బల్ల పక్కనే ఉన్న పాత కంప్యూటరులో పావుగంటలో ఒక బైనరీ ఫైలుగా నేను పుట్టాను. అయిదుగురు మనుషులు, అయిదు అంకెలు: నాలుగు, మూడు, మూడు, రెండు, రెండు. అంకెకి నాలుగు బైట్ల చొప్పున మొత్తం ఇరవై బైట్లు, అంతే నేను. ధాత్రి తినే ఆ బుల్లి రెండుకి కూడా నాలో నాలుగు గదులున్నాయి. ఆ ఇంట్లో అయిదుగురికీ కలిపి ఉన్న గదులు రెండే. నోట్‌ప్యాడులో తెరిస్తే పిచ్చిగీతల్లా కనిపిస్తాను. పానకాలరావు ఓసారి అలా తెరిచి చూసి, "పాడైపోయిందమ్మా," అని సానుభూతి చెప్పారు. పాడవలేదు మహాప్రభో, నా తీరే అంత!

మంగళవారం మృదుల నన్ను మార్చే ప్రోగ్రాము రాసింది. ఫైలుని తెరవడంలో పద్ధతులున్నాయి. ఉన్నదాన్ని ఉంచి తెరవడం ఒకటి, ఊడ్చేసి తెరవడం ఇంకొకటి. పదకొండేళ్ల ఇంటిపని అలవాటో ఏమో, ఆమె ఊడ్చేసింది. ఒక్క క్షణంలో నేను సున్నా బైట్లు. బాధ లేదు, బరువు లేదు, నాలుక మీద పంచదార చిలక కరిగినట్టు పోయాను. మృదుల నుదురు కొట్టుకుని, పద్ధతి మార్చి, నన్ను మళ్లీ పుట్టించింది. ఎవరికీ తెలియలేదు. ఆ రోజు పుల్కాలు సరిగ్గా సరిపోయాయి.

అసలు సంబరం బుధవారం మొదలైంది. డాక్టరు పానకాలరావుకి పుల్కాలు రెండుకి తగ్గించమన్నాడు. మృదుల ప్రోగ్రాముని నడిపింది. అది నాలో మామగారి చోటికి వెళ్లింది, "ఇప్పుడున్నవి 4" అని చదివి తెర మీద చూపించింది, "కొత్త అంకె?" అని అడిగింది. ఆమె 2 కొట్టింది. సాయంత్రం జాబితా చూసి అలాగే కాల్చింది.

మామగారికి నాలుగు. అత్తగారికి రెండు.

"డాక్టరు దగ్గరికి వెళ్లింది ఆయన, కోత నాకా?" అంది సుభద్రమ్మ. "నా మూడో పుల్కా ఎవరికి అడ్డమొచ్చిందమ్మా?"

పానకాలరావు తలెత్తలేదు. "యంత్రం అబద్ధం చెప్పదు సుభద్రా," అంటూ నాలుగోది చుట్టి నోట్లో పెట్టుకున్నారు.

మృదుల ప్రోగ్రాముని నాలుగుసార్లు చదివింది. అంకెలన్నీ సరిచేసి, వేలు జారి తప్పుచోటు కొట్టానేమో అనుకుంది. గురువారం ఫణి, "నాకు అయిదు పెట్టించు. మళ్లీ మడతలంటారు," అన్నాడు. ఆమె ఒక్కో మీటా చూసుకుంటూ కొట్టింది. రాత్రి ఫణికి మూడే వచ్చాయి. ధాత్రి కంచంలో అయిదు.

"అమ్మా, నేను కుస్తీకి వెళ్తున్నానా?"

ఫణి పగలబడి నవ్వాడు. ఆ నవ్వులో చెడు లేదు. కానీ మృదుల లేచి వెళ్లి నన్ను మూసేసింది. నాకు మాత్రం నవ్వు ఆగలేదు. ఒకరి అంకె ఇంకొకరి ఇంట్లో దూరుతుంటే లోపల నాకు ఎన్ని చక్కిలిగింతలో మీకెలా చెప్పను!

శుక్రవారం పొద్దున్న మృదుల బీరువాలోంచి ఇస్త్రీ చీర తీసి మంచం మీద పెట్టి, మళ్లీ బీరువాలో పెట్టేసింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, ఎవరినీ కదిలించకుండా తన అంకెనే రెండు నుంచి మూడు చేసి చూసింది. ఆమెది ఆఖరి చోటు. జాబితా తీస్తే ఆమెకి రెండే ఉన్నాయి. దాని కింద, ఏ పేరూ లేని ఆరో మనిషికి మూడు. నేను ఇరవై నాలుగు బైట్లకి పెరిగాను!

"ఈ ఆరోవాడెవడు?" అంది మృదుల, పైకే.

బియ్యం ఏరుతున్న సుభద్రమ్మ చేట పక్కన పెట్టి వచ్చింది. కళ్లద్దాలు సర్దుకుని తెర వైపు చూసింది.

"మొన్న ఆయనది మారిస్తే నాకొచ్చింది. నిన్న వాడిది మారిస్తే పిల్లకొచ్చింది. ఇవాళ నీది మారిస్తే ఎవరూ లేని చోట పడింది. అంతేనా?"

"అంతే అత్తయ్యా."

"మా పెదనాన్నగారి ఇంట్లో బంతిలో వడ్డించేవాడు ఒకడుండేవాడు. విస్తరి ముందు ఆగి 'ఇంకొంచెం వెయ్యమంటారా?' అని అడిగేవాడు. వెయ్యమనేసరికి అలవాటుగా ఒక అడుగు ముందుకేసి, పక్క విస్తట్లో వడ్డించేవాడు. అడిగినవాడు ఆకలితో, వద్దన్నవాడు కుప్పతో. నీదీ అదే వరస. చదవగానే అడుగు ముందుకేస్తోందేమో చూడు."

మృదుల ప్రోగ్రాము తెరిచి ఒక్కో వరసా వేలితో చూసుకుంటూ వెళ్లింది. తర్వాత కుర్చీలోంచి లేచి, అత్తగారి రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది. "చదివాక అది పక్క చోటికి జరిగిపోతుంది అత్తయ్యా! నేనే దాన్ని వెనక్కి తీసుకురాలేదు!"

"నా కళ్లద్దాలు పడిపోతాయి, వదులు," అంది సుభద్రమ్మ నవ్వుతూ.

ఒకే ఒక్క వరస. రాసే ముందు అంకె మొదటికి తిరిగి రమ్మని. మృదుల అది చేర్చింది, ఆరోవాడిని పంపేసింది, అందరి అంకెలూ సరిచేసింది. తర్వాత ఒక్కొక్కరిదీ మార్చింది, తిరిగి మార్చింది, మళ్లీ మార్చింది. పది సార్లు మార్చినా ఎవరిది వాళ్లకే. ఆ సాయంత్రం పానకాలరావు కంచంలో రెండే పడ్డాయి. ఆయన వాటిని రెండు వైపులా తిప్పి చూసి, "బాగయిందన్నమాట," అన్నారు, ఎంతో విచారంగా.

శనివారం నేను పెన్‌డ్రైవులో ఎక్కి ఊరు చూశాను. నిజానికి చూసింది మృదుల చేతిసంచి లోపలి చీకటినే, అయినా ప్రయాణం ప్రయాణమే. ల్యాబులో ముప్పై మంది అమ్మాయిలు, వెనక కుర్చీల్లో ముగ్గురు పెద్దలు. మొదటి రెండు నిమిషాలు మృదుల పుస్తకంలో ఉన్నది అప్పజెప్పినట్టు చెప్పింది. అప్పుడు పాఠం పక్కన పెట్టి, "మీలో బంతి భోజనంలో వడ్డించినవాళ్లెవరు?" అని అడిగింది. ముందు తప్పుడు ప్రోగ్రామే నడిపి చూపించింది. ఆరోవాడు తెర మీదికి రాగానే ల్యాబంతా ఘొల్లుమంది. పెద్దల్లో ఒకావిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు. పాఠం అయ్యేసరికి నేను ముప్పై కంప్యూటర్లలో ముప్పై నకళ్లుగా ఉన్నాను. ఒక అమ్మాయి వాళ్ల అన్నయ్యకి ముప్పై రెండు వేల పుల్కాలు పెట్టి, ఒక్కటీ పక్కకి పోకుండా దించింది. అంత బరువు మోయడం నాకు అదే మొదటిసారి. ఒళ్లంతా గర్వంతో నిండిపోయింది.

రాత్రి భోజనాల దగ్గర ఫణి అడిగాడు. "ఏమన్నారు?"

"నచ్చిందన్నారు. సోమవారం నుంచి రమ్మన్నారు. తొమ్మిదిన్నర నుంచి అయిదు దాకా."

"మంచిదే. రేపు కూర్చుని ఆలోచిద్దాం. ధాత్రి స్కూలు నుంచి వచ్చేసరికి ఎవరుంటారు, నాన్న మందులు, సాయంత్రం వంట..."

"నేను వస్తానని చెప్పేశానండీ," అంది మృదుల. గొంతు పెంచలేదు. పప్పు గిన్నె ఫణి వైపు జరిపింది. "సంతకం కూడా పెట్టాను."

ధాత్రి ఒకరి ముఖం తర్వాత ఒకరి ముఖం చూస్తోంది. ఫణి తల్లి వైపు తిరిగాడు, ఆమె ఏదైనా అంటుందేమోనని.

సుభద్రమ్మ మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టింది. "పిల్ల వచ్చేసరికి నేనుంటాను. ఆయన మందులు ఆయన వేసుకుంటారు, చేతులున్నాయి. సాయంత్రం పిండి నేను కలుపుతా. ఒత్తడం నువ్వు, కాల్చడం మీ నాన్న. సోమవారం నుంచి."

"నాకు గుండ్రంగా రాదే అమ్మా!" అన్నాడు ఫణి.

"ఎలా వచ్చినా తింటాం," అంది సుభద్రమ్మ.