లారీ పెట్టెలో కూర కారం

సాలూరులో లారీ ఎక్కే మగాడు రెండింటిని మరిచిపోడు. ఒకటి బండి కాగితాలు, రెండోది తాయారు కూర కారం. ఆ తాయారుని నేనే. నా నోటితో చెప్పుకుంటే గొప్పలంటారు కాబట్టి లారీ స్టాండులో ఎవరినైనా అడిగి చూడండి.

మా డ్రైవర్లు దారిలో వండుకునే తింటారు. బండికి ఒక చెక్క పెట్టె ఉంటుంది. అందులో చిన్న గ్యాస్ పొయ్యి, గిన్నెలు, బియ్యం, పప్పు, నూనె. నీడ కనిపించిన చోట ఆపుకుని వంట చేసుకుంటారు. చేతకాని వాడు కూడా నా కారం రెండు చెంచాలు వేశాడంటే కూర నోటికి తగులుతుంది. పేరుకే అది కారం, సగానికి పైగా ధనియాలే. కొండ మీంచి సంతకి దిగే పసుపు కొమ్ములు తెచ్చి నేనే దంచుకుంటాను. జీలకర్ర వాసన చూసి, నచ్చకపోతే షావుకారు ముందే తిరిగి పోసేస్తాను. వెల్లుల్లి, మెంతులు సరే. మిరపకాయలు మాత్రం తక్కువ. అది మా ఆయన కోసం.

మా ఆయన గోవిందరావు నాకు మేనబావ. పెళ్లయి ఇన్నేళ్లయినా బావా అనే పిలుస్తాను. ఆయనకి కడుపులో పుండు. నిరుడు కొండ ఘాటీ దిగుతూ నెత్తురు కక్కుకుంటే, వెనక బండి నడుపుతున్న మా మరిది చినబాబు విశాఖ ఆసుపత్రికి మోసుకెళ్లాడు. "ఇంటి తిండి తిన్నన్నాళ్లూ బండి నడుపు. డాబా తిండి మొదలెట్టావో, ఇక స్టీరింగు మాట మరిచిపో" అన్నాడు డాక్టరు. బండి లేకపోతే మా ఆయన మనిషి కాడు. ఇంట్లో రెండు రోజులు కూర్చుంటేనే గోడలు చూస్తూ పిచ్చివాడైపోతాడు. అందుకని ఆయన ప్రాణం నా కారం డబ్బాలో ఉందని నమ్మి, అంత శ్రద్ధగానూ నింపి పంపేదాన్ని.

మొన్న రాయపూర్ నుంచి బండి వచ్చింది. కడుగుదామని పెట్టె తెరిస్తే కారం డబ్బా నిండుగా ఉంది. ఒక మూల చెంచా దిగిన గుర్తుంది, అంతే. పక్కనే డాబాలో ఇచ్చే సోంపు పొట్లాలు.

"బావా, దారిలో ఏటి తిన్నావు?" అన్నాను.

"ఏటి తింతాను? వండుకునే తిన్నాను."

"కారం ఎయ్యకుండానా?"

"ఏసాను గదే" అంటూ తువ్వాలు తీసుకుని స్నానానికి తప్పుకున్నాడు. ఒక చెయ్యి పొట్ట మీద ఉంది. నాకు ఒళ్లు మండింది, భయమూ వేసింది. నాకు ఆ రెండూ ఎప్పుడూ కలిసే వస్తాయి. రేపు తెల్లారితే ఆయనకి మళ్లీ లోడు ఉంది.

డబ్బా చంకన పెట్టుకుని స్టాండుకి వెళ్లాను. చినబాబు టైరుకి గాలి కొట్టిస్తున్నాడు.

"ఒరే చినబాబూ, మీ అన్న డాబాలో తింతన్నాడా?"

"నన్నెందుకు అడుగుతావు వదినా? అన్ననే అడుగు."

"నిజం సెప్పకపోతే ఇక నీకు నా కారం నేదు."

"వద్దులే వదినా" అనేశాడు. అన్నాక నాలిక కరుచుకున్నాడు. నేను కదలకపోయేసరికి తల గోక్కుంటూ చెప్పాడు. "పోయినసారి నుంచీ నీ కారం సేదొస్తంది. అన్న గిన్నెడు కూర పారబోసీసి డాబాకెళ్లాడు. నీకు సెప్పొద్దని నా సేత ఒట్టేయించుకున్నాడు."

"సేదా? నా కారమా? గుట్కా మానెయ్యరా, అప్పుడు రుచి తెలుస్తాది!"

చుట్టూ ఉన్న డ్రైవర్లంతా తలలు వంచుకున్నారు. ఓలమ్మో, అందరికీ తెలుసన్నమాట! నా నోటికి భయపడి ఎవడూ చెప్పలేదు.

"తియ్యరా నీ పొయ్యి" అన్నాను. అక్కడే, లారీ నీడలో కూర్చుని వాళ్ల బంగాళాదుంపలు, వాళ్ల టమాటాలే కోసి, ఆ డబ్బాలో కారమే వేసి కూర దించాను. నూనె చక్కగా పైకి తేలింది. వాసనకీ లోటు లేదు. వీళ్లందరి మొహాలూ మాడ్చి ఇంటికెళ్తాననుకుంటూ గర్వంగా ఒక ముక్క నోట్లో వేసుకున్నాను.

ముందు ధనియాలు తగిలాయి, ఆ వెనక వెల్లుల్లి. తర్వాత నాలిక మొదట్లో పట్టుకుంది చేదు. నీళ్లు తాగినా పోలేదు.

ఇంట్లో నాకు తెలియకపోవడానికి కారణం ఉంది. ఇంటి జాడీలో పాత కారం ఇంకా మిగిలే ఉంది. కొత్తగా కొట్టిందంతా బండ్ల వాళ్లకే ఇచ్చాను.

ఇంతలో గోవిందరావు వచ్చాడు. ఎవరో కబురు పెట్టి ఉంటారు. నా మొహం చూశాడు, పళ్లెం లాక్కుని కూర వేసుకుని గబగబా తినేశాడు. "బాగున్నాదే" అన్నాడు.

పళ్లెం ఆయన చేతిలోంచి లాగేసుకున్నాను. "అబద్ధాలాడకు బావా! సేదుగా ఉన్నాది. నా సెయ్యి మాత్రం తప్పదు. తప్పిందేదో ఉన్నాది, దాన్ని పట్టుకోకపోతే నా పేరు తాయారే కాదు."

ఇంటికొచ్చి వంటింట్లో సామాన్లన్నీ కింద పరిచాను. ధనియాలు నమిలాను, జీలకర్ర నమిలాను, పసుపు కొమ్ము కొరికాను. అన్నీ నిక్షేపంలా ఉన్నాయి. మెంతులు కూడా ఎప్పుడూ కొనే మెంతులే. ఇక మిగిలింది వేయించడం. సరే, ఎప్పటిలాగే వేయిద్దాం అని పొయ్యి వెలిగించాను.

మెంతులు నేను ఆఖర్న వేయిస్తాను. చిటపట మొదలవగానే మూకుడు దించేసి, మెంతులు అందులోనే వదిలేసి మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చుంటాను. మిగిలిన వేడికి అవి నింపాదిగా ఎర్రబడతాయి. పొయ్యి మీద ఉంచితే మాడతాయని అమ్మ నేర్పిన పద్ధతి. ఆ రోజూ అలాగే దించాను. తొడిమలు తీస్తున్నాను. చిటపట ఆగలేదు. కాయలన్నీ అయిపోయాయి. ఇంకా చిటపటమంటూనే ఉంది.

వంగి చూశాను. మెంతులు నల్లగా మాడిపోయాయి.

అది కొత్త మూకుడు. కిందటిసారి కారం కొట్టే ముందే ఖరగ్‌పూర్ నుంచి ఆయనే మోసుకొచ్చాడు. పోత ఇనుము, రెండు చేతులా ఎత్తాలి. "రోజంతా పొయ్యి దగ్గరే ఉంటావు, మంచి సామాను ఉండొద్దా" అని ఇస్తే మురిసిపోయి వీధంతా చూపించాను. పాత రేకు మూకుడు దించీ దించగానే చల్లారిపోయేది. ఇది అడుగున నిప్పు దాచుకున్నట్టు ఉంది. నా చెయ్యి మారలేదు, మూకుడు మారింది. నేనది చూసుకోలేదు.

పెద్దగా నవ్వేశాను. నవ్వు విని ఆయన గుమ్మంలోకొచ్చాడు. మెంతులు చూపించి సంగతంతా చెప్పాను. ఆ తర్వాత నవ్వు ఎటుపోయిందో, ఏడుపొచ్చింది.

"సేదని నీకు తెలుసు. నాకెందుకు సెప్పలేదు బావా?"

"నా కడుపు కోసమే గదే ఇంత సేత్తన్నావు. దాన్ని సేదనడానికి నోరు రాలేదు."

"అందుకని డాబాలో తిని మంచాన పడతావా? నా కారం పేరు నిలబెట్టి నువ్వు సత్తే, ఆ పేరు నానేటి సేసుకుంటాను? నువ్వు నాక్కావాలి. ఇకమీదట బాగున్నాదని నా దగ్గర అనకు. ఏటి బాగోనేదో అది సెప్పు."

ఆయన తల ఊపాడు. పెరట్లో కోళ్లకి నీళ్లు పెడుతున్న పాత మూకుడు తనే పట్టుకొచ్చి చింతపండుతో తోమాడు. నేను మళ్లీ అన్నీ వేయించాను, ఆయన రోకలి అందుకున్నాడు. సాయంత్రానికి కొత్త కారం తయారైంది. పోత మూకుడు ఎక్కడికీ పోలేదు. దాని వేడికి దిబ్బరొట్టె అడుగు ఎర్రగా, లోపల మెత్తగా వచ్చింది. ఆ రాత్రి అదే తిన్నాం.

తెల్లవారి స్టాండులో ప్రతి బండి దగ్గరా ఆగాను. చేదు డబ్బా తీసుకుని మంచి డబ్బా ఇచ్చాను. "తప్పు నాదే. కాని ఒక్కడూ సెప్పలేదు, అది మీ తప్పు" అన్నాను. చినబాబు డబ్బా కళ్లకద్దుకుని వెటకారం చేస్తే వీపు మీద ఒక్కటిచ్చాను.

మధ్యాహ్నం రాయగడ దాటాక గోవిందరావు ఫోను చేశాడు. వంకాయ కూర వండుకున్నాడట.

"ఎలా ఉన్నాది?"

"బాగు..." అని ఆగిపోయాడు. "సేదు నేదు తాయారూ. ధనియాలు మాత్రం రవ్వంత ఎక్కువైనాయి."

పెళ్లయిన నాటి నుంచి నా వంటకి ఆయన పెట్టిన మొదటి వంక అది. కోపం వస్తుందేమోనని చూశాను, రాలేదు. ఫోను చెవిన పెట్టుకునే డబ్బా మూత తీసి చిటికెడు నాలిక మీద వేసుకున్నాను.

"నిజమే బావా, ఎక్కువైనాయి" అన్నాను. "కడుపు నిండా తిన్నావా?"

"గిన్నె నాకీసాను" అన్నాడు.