గడ్డంతో బాకా

సెప్టెంబరు ఏడో తేదీన ఇంట్లో మాంసం కూరిన బుట్టమిరపకాయలు. మొదటి ముక్కకే రాదిసావ్ పైపెదవి భగ్గుమంది. అద్దంలో చూసుకుంటే మీసం మొలిచే చోట ప్రతి వెంట్రుక మొదలూ ఎర్రగా వాచి ఉంది. కొన్నింటి మీద చీముచుక్కలు.

రెండు వారాల్లో కూతురు యాగొదా పెళ్ళి. ఆమె గడప దాటేటప్పుడు తానే బాకా ఊదుతానని భార్యకు మాటిచ్చాడు. భార్య ఇప్పుడు లేదు, మాట ఉంది. బాకా మూతి ఆనేది సరిగ్గా ఆ పొక్కుల మీదే.

అతని తల్లి స్తానా ప్లమ్ పళ్ళ సారాలో గుడ్డ ముంచి తెచ్చింది. ఆ ఇంట్లో తలనొప్పికీ అదే, తేలు కుట్టినా అదే. అతను రోజూ నున్నగా గీసుకుని సారా రుద్దించుకున్నాడు. పొక్కులు చెంపలకు పాకాయి.

మందులషాపు స్పొమెంకా అతణ్ణి వెలుతురులోకి లాగి చూసింది.

"వెంట్రుకలకు ఎదురు గీస్తున్నావా అన్నా?"

"నున్నగా రావద్దూ మరి!"

"పైన సారా కూడానా?"

"అమ్మ రుద్దుతుంది."

"మంచి సారా పాడుచేస్తోంది. వెంట్రుకల మొదళ్ళు పుండ్లయ్యాయి, ఇక కత్తి ముట్టకు. శుభ్రమైన గుడ్డ గోరువెచ్చని నీళ్ళలో ముంచి రోజుకు మూడుసార్లు అద్దు. గిల్లకు. తువ్వాలు వేరే పెట్టుకో, బాకా మూతి సబ్బుతో కడుగు. ఇంకా పాకినా, జ్వరం వచ్చినా డాక్టరు దగ్గరికి పో."

"పెళ్ళికి గడ్డం గీసుకోవచ్చా?"

"గీస్తే మళ్ళీ మొదలు. ఊదుతావో, నున్నగా నిలబడతావో నీ ఇష్టం."

ఆ ఊళ్ళో మగవాడు గడ్డం పెంచేది ఇంట్లో చావు జరిగితేనే. స్తానా మండిపడింది.

"గడ్డంతో పెళ్ళికా? ఎవరు చచ్చార్రా? నేనింకా బతికే ఉన్నా!"

"ఆ సంగతి బాకా ఊది చెబుతాలే అమ్మా."

"వియ్యంకుడు నవ్వుతాడు."

"పెళ్ళిలో నవ్వకపోతే ఇంకెక్కడ నవ్వుతాడు?"

కత్తి అటకెక్కింది. బాకా కూడా పక్కన పెట్టాడు, వేళ్ళు మాత్రం బల్ల మీద బాకా మీటలు నొక్కుతున్నట్టు ఆడుతూనే ఉన్నాయి. వెచ్చటి గుడ్డ ఆనినప్పుడల్లా మంట కాస్త దిగేది. ఆ కాస్తకే అతనికి కళ్ళు మూతలు పడేవి. చీము ఎండింది, ఎరుపు వెలిసింది.

పెళ్ళినాడు నెరిసిన గడ్డంతో వాకిట్లో నిలబడ్డాడు.

"ఏం బావగారూ, ఎవరికి సంతాపం?" అన్నాడు వియ్యంకుడు.

"మాకే. మా పిల్ల మీ ఇంటికి వెళ్ళిపోతోందిగా!"

అందరూ నవ్వుతుండగానే బాకా ఎత్తాడు. పెదవి చురుక్కుమంది. స్వరం తెగలేదు. యాగొదా గడప దాటి, వీధి మలుపు తిరిగేదాకా ఊదాడు.

సాయంత్రం కుర్చీలోనే కునుకు పట్టింది. తల్లి అతని బూట్లు విప్పడం, గడ్డం ఒకసారి నిమరడం సగం నిద్రలో తెలిసింది. తర్వాత ఆమె చప్పుడు కాకుండా తలుపు వేసింది.